కమలాపానీయ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె. కమల తొనల రసము కాచి చల్లార్చియు
దాల్చి, యా లవంగ, దంచినల్ల
మీస్టు చిటికె డేసి మెల్లగా బిగియించి
రాయపురపు చలికి రగ్గు కప్పు

అవతారిక: రాయపూర్ డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీలో ఒక తెలుగు రైల్వే ఇల్లాలు క్రిస్మస్ ముందు తన మరదలికి ఉపదేశించిన పద్యమిది. ‘వేసి’ అనవలసిన చోట ‘ఏసి’ అన్నది కనుక కవయిత్రి పార్వతీపురం వైపు మనిషని నిశ్చయం. 1931లో విజయనగరం-రాయపూర్ రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు వచ్చిన సామగ్రిలో ఈ యాస కూడా ఉంది.

టీక: కమల తొనల రసము = నాగపూర్ కమలాల రసమును (తొనల మీది తెల్లని పొర తీయకపోతే చేదెక్కును); కాచి = ఉన్న సూక్ష్మజీవులు చచ్చునట్లు మరిగించి; చల్లార్చియు = మనం వేయబోయే ఈస్టు చావకుండునట్లు గోరువెచ్చన చేసి (‘యు’ గణం కోసం వచ్చినది, రుచికి సంబంధం లేదు); దాల్చి = దాల్చినచెక్కయు (‘చెక్క’ పద్యంలో పట్టలేదు, గిన్నెలో పట్టింది); ఆ లవంగ = ప్రసిద్ధమైన ఆ లవంగములును; దంచినల్లము = దంచిన అల్లమును; ఈస్టు చిటికెడు ఏసి = స్పష్టము; మెల్లగా బిగియించి = ప్లాస్టిక్ సోడా సీసాలో పోసి మూత బిగించి; రాయపురపు చలికి = డిసెంబరు రాత్రి 13 డిగ్రీలకు దిగు చలికి; రగ్గు కప్పు = రగ్గు కప్పుము.

తాత్పర్యం: సీసాకు చలేస్తే ఈస్టు ముడుచుకొని పడుకుంటుంది, పని చెయ్యదు. మనకు రగ్గు లేకపోయినా దానికి కప్పాలి.

విశేషాలు: ఈస్టు చక్కెరను తిని గ్యాసునూ, కొంచెం ఆల్కహాలునూ విడుస్తుంది. సీసాను వేళ్ళతో నొక్కితే రాయిలా గట్టిగా తగలాలి. తగలగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆలస్యం చేస్తే ధర్మశాస్త్రం అడ్డొస్తుంది. 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో ఆల్కహాలు 0.5 శాతం దాటినది మద్యం. దాటనిది పానకానికి దాయాది.

ఇక రసచర్చ. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చినప్పుడు కమలా వాసన ఘుమ్మంటుంది. గుటక వేశాక కమల కనబడదు; తీపిని ఈస్టు కొంత తినేసింది, పులుపు పైకి తేలింది. అప్పుడు లవంగం లేచి నాలుక కొసను మొద్దుబార్చి కూర్చుంటుంది. అల్లం గొంతులో తన పని తాను చేసుకుపోతుంది. అంగి కావలసిన కమల అంగమైపోయింది, అంగమైన లవంగం రాజ్యమేలుతోంది. ఇది కావ్యదోషమే. లీటరుకు రెండు లవంగాలు చాలునని నా మతం.

కవయిత్రి ఈస్టుకు చిటికెడని కొలత చెప్పి లవంగానికి చెప్పకపోవడం బుద్ధిపూర్వకమే కావచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంకర్ బ్రూవరీవారు 1975 నుంచి ఏటా కొత్త పాళ్ళతో క్రిస్మస్ బీరు కాచేవారు. సీసా మీద చెట్టు బొమ్మ ఏటేటా మార్చేవారు గానీ పాళ్ళు మాత్రం చెప్పేవారు కారు. 2023లో ఆ బ్రూవరీ మూతపడింది. ఇక్కడ మరదలు మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది.

పాఠాంతరం: ‘మెల్లగా’ బదులు ‘మేలుగా’ బిగించమని ఒక ప్రతిలో కనిపిస్తోంది. ఛందస్సుకు రెండూ సరిపోతాయి. గాజు సీసా వాడి, వంటింటి పైకప్పు తుడుచుకున్నవారు మాత్రం రెండో పాఠాన్ని అంగీకరించరు.