అరువు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: నేడు నగదు – రేపు అరువు.

అవతారిక: కిరాణా కొట్లలో గల్లాపెట్టెకు పైన, లక్ష్మీదేవి పటానికి దిగువన వెలసే ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు, రంగు ఖర్చు తగ్గించుకొనదలచిన వర్తకులు ‘అప్పు రేపు’ అని రాయించుకున్న పాఠాంతరం ఉన్నా, అర్థంలో భేదం లేదు.

ప్రతిపదార్థం: నేడు = ఈ బోర్డును చదువుతున్న దినమున; నగదు = చేతిలో పడిన రొక్కము; రేపు = చదివిన దినమునకు మరునాడు; అరువు = సరుకు ముందు, సొమ్ము తరువాత అను ఏర్పాటు. ‘ఇచ్చెదము’ అనే క్రియ అధ్యాహార్యం, అనగా మూలంలో లేకున్నా చదువరి తనంతట తెచ్చుకొనేది. దానిని రాయకపోవడం సూత్రకారుని ముందుజాగ్రత్త.

ఆక్షేపం: సోమవారపు పాఠం ప్రకారం మంగళవారం అరువు దొరకాలి, మంగళవారపు పాఠం ఆనాడే నగదు అడుగుతుంది, ఒకే దినానికి రెండు విధులు విరోధించడం దోషం కాదా?

సమాధానం: తుల్యబలం గల రెండు సూత్రాలు విరోధించినచోట పరసూత్రమే, అనగా వెనుక వచ్చినదే, చెల్లుతుందని సంస్కృత వ్యాకరణకర్త పాణిని అష్టాధ్యాయిలో (1.4.2) విధించాడు. ఆయన చెప్పిన పరత్వం గ్రంథంలోని వరుసను బట్టి, ఇచ్చటి పరత్వం పంచాంగాన్ని బట్టి అనే భేదం ఉన్నా, మంగళవారపు పాఠమే పరం కనుక నగదు గెలుస్తుంది. ఆ గెలుపు గణితానుగమనం చేత, అనగా ఒక మెట్టున నిజమైనది పై మెట్టునా నిజమని చూపే పద్ధతి చేత, రాబోయే దినాలన్నింటికీ వ్యాపిస్తుంది.

విశేషం: వడ్డీ పెంచి అరువిస్తే లాభమే కదా అనే శంకకు సమాధానం అర్థశాస్త్రవేత్తలు జోసెఫ్ స్టిగ్లిట్జ్, ఆండ్రూ వైస్ బ్యాంకు రుణాలను గూర్చి 1981లో ప్రకటించిన వ్యాసంలో దొరుకుతుంది. వడ్డీ పెరిగేకొద్దీ నమ్మకస్తులు వెనుదిరిగి, ఎగవేతకు వెరవనివారే మిగులుతారు కనుక (దీనికి ప్రతికూల వరణమని పేరు), ఒక హద్దు దాటాక అప్పు లేదనడమే అప్పిచ్చేవానికి మేలు.

అపవాదం, అనగా సామాన్య విధికి మినహాయింపు: ఇల్లూ, వీధీ, జీతం అందే తేదీ వర్తకునికి తెలిసినవారి పద్దులు ఈ బోర్డు కిందనే ఖాతాపుస్తకంలో నిరాటంకంగా పెరుగుతుంటాయి.

తాత్పర్యం: ముక్కూమొగం తెలియనివానికి, మొగం మీద లేదనకుండా లేదని చెప్పే మర్యాద ఈ సూత్రం, కనుక బోర్డు చదివి రేపు వస్తానన్నవాడు పాఠకుడు మాత్రమేననీ, తలెత్తి చూడకుండా ‘ఖాతాలో రాయండి’ అన్నవాడే అధికారి, అనగా శాస్త్రఫలానికి అర్హుడనీ గ్రహించవలెను.