జీడిపప్పు లేని మర్యాద

టార్నీట్, మెల్‌బోర్న్
ఆదివారం రాత్రి

అమ్మకి,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. మొదటి వాక్యం ఊరికే రాయలేదు. సంచీ తెరిచి, ఇంజెక్షన్ పెన్నులు రెండూ ఉన్నాయో లేదో, వాటి గడువు తేదీ దాటిందో లేదో చూసుకుని మరీ రాశాను.

కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ తల్లిని చూసుకుని విమానం ఎక్కుతానన్నావు. సంతోషం. కానీ మొన్న ఫోన్లో నువ్వు చదివిన సామాన్ల చిట్టా విన్నాక మీ అల్లుడికి నిద్ర పట్టలేదు. పలాస జీడిపప్పు అయిదు కిలోలు, మాడుగుల హల్వా మూడు కిలోలు, జీడిపప్పు పాకం అచ్చులు ఓ డబ్బా. "గుంటలకి బలం" అన్నావు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సర్లే, సర్లే" అని పెట్టేస్తావు. కాగితమ్మీదైతే నాన్న గట్టిగా చదివి వినిపిస్తారు. చక్కెర ఫ్యాక్టరీలో సర్క్యులర్లు చదివిన గొంతు కదా, మధ్యలో నువ్వు లేచి వెళ్ళడం కుదరదు.

ముందుగా ఎవరికి ఏది పడదో చెబుతాను. పెద్దోడికి జీడిపప్పు, పిస్తా పడవు. బాదం పడుతుంది, వేరుశెనగ పడుతుంది. చిన్నదానికి గుడ్డు పడదు, కేకులో గుడ్డు పడుతుంది. ఇది విని నువ్వు "ఏటే, ఆళ్ళు నాటకాలాడతన్నారు, నువ్వు నమ్ముతున్నావు" అన్నావు. నాటకం కాదమ్మా, చుట్టరికాలు. వేరుశెనగ కందికీ పెసరకీ దాయాది. జీడి, పిస్తా ఒకే కుటుంబం. మామిడి కూడా ఆ ఇంటిదే, కానీ మామిడిపండు వాణ్ణి ఇంతవరకు ఏమీ అనలేదు. ఒకే ఇంటిపేరున్న వాళ్ళంతా ఒక్కలా ఉండరని, మా పెదనాన్నగారి కొడుకుల్ని పెంచినదానివి, నీకు నేను చెప్పాలా?

మన వైపు పుట్టినవాడికి జీడిపప్పు పడకపోవడమంటే చిన్న కష్టం కాదు. మన దగ్గర మర్యాదని కొలిచేదే జీడిపప్పుతో. ఉప్మాలో మూడు పలుకులు కనిపిస్తే చుట్టం, పది కనిపిస్తే కొత్తల్లుడు. పొంగలి, పాయసం, పులిహోర, పకోడీ, పెళ్ళివారి వంకాయ కూర... అది లేని శుభకార్యం లేదు. వీడు పుట్టుకతోనే అన్ని శుభకార్యాలకీ అసమ్మతి తెలిపి వచ్చాడు.

ఏడాదిన్నరప్పుడు ఒక్క ముక్క నోట్లో పడి, పెదవులు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, అంబులెన్సు వచ్చిన రోజు నీకు గుర్తుందిగా. నువ్వు గోవాడ నుంచి వీడియో కాల్లో ఉప్పు, ఎండుమిరపకాయలు ఫోను చుట్టూ తిప్పి దిష్టి తీశావు. ఇక్కడ ఎడ్రినలిన్ ఇచ్చారు. వాడు లేచి కూర్చున్నాక ఎవరి మందు పనిచేసిందన్న విషయంలో మన రెండిళ్ళకీ ఇప్పటికీ రాజీ కుదరలేదు. ఒక ఒప్పందానికి వద్దాం. దిష్టి నువ్వు తియ్యి, కానీ ఇంజెక్షన్ అయ్యాక.

"మనింటా వంటా లేని రోగం ఎక్కణ్నించి వచ్చిందే?" అని నువ్వు అడుగుతూనే ఉన్నావు. మన వంశాన్ని ఎవరూ అనడం లేదు. ఇది ఈ ఊరి వ్యవహారం. ఇక్కడి మర్డోక్ పిల్లల పరిశోధన సంస్థ వాళ్ళు హెల్త్‌నట్స్ అని ఒక పెద్ద అధ్యయనం పెట్టి, ఏడాది పిల్లలకి డాక్టర్ల ఎదుటే తినిపించి మరీ చూశారు. 2011లో చెప్పిన లెక్క ప్రకారం మెల్‌బోర్న్‌లో నూటికి పదిమందికి పైగా పసిపిల్లలకి ఏదో ఒక తిండి పడదు. అందులో గుడ్డుదే పెద్దపీట.

దీని తర్వాతి సంగతి రాయాలా వద్దా అని మీ అల్లుడితో చాలాసేపు వాదించాను. ఆసియా నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ పుట్టిన పిల్లల్లో ఈ బాధ మరింత ఎక్కువట. అక్కడే పుట్టి, తర్వాత ఇక్కడికి వచ్చిన పిల్లల్లో తక్కువట. 2018లో వెలువడిన బడిపిల్లల అధ్యయనంలోనూ అదే తేలింది. నాన్న ఈ వాక్యం చదవగానే నువ్వేమంటావో నాకు ఇక్కడికి వినిపిస్తోంది. "కాన్పుకి పుట్టింటికి రమ్మంతే వచ్చీవా? ఇప్పుడు చూడు!" అనుకో అమ్మా, సైన్సు నీ పక్కన నిలబడిన రోజు నేనేం చెయ్యగలను? కారణం ఎండా, మట్టా, క్రిములా, తిండా అన్నది మాత్రం శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. గానుగ కాలంలో ఫ్యాక్టరీకి వెళ్ళే బళ్ళ మీంచి చెరుకు గడలు లాక్కుని, పరికిణీకి తుడుచుకుని నమిలిన మాకేం రాలేదని నువ్వు ఊరంతా చాటుతావు. ఆ మట్టి మీద వాళ్ళకీ అనుమానం ఉంది గానీ, మందుల చీటీలో చెరుకు దొంగతనం ఇంకా రాయడం లేదు.

అన్నప్రాశన నాటి నుంచే అన్నీ రుచి చూపించాలన్న విషయంలోనూ నువ్వే గెలిచావు. వేరుశెనగలాంటివి పసిపిల్లల దరిదాపులకి రానివ్వొద్దని పాశ్చాత్య డాక్టర్లు ఏళ్ళ తరబడి చెప్పారు. 2015లో లండన్ వాళ్ళు 640 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితం చెప్పారు. చిన్నప్పుడే మొదలుపెట్టి అయిదేళ్ళదాకా తినిపించిన పిల్లల్లో వేరుశెనగ అలర్జీ అయిదింట నాలుగు వంతులు తగ్గిపోయింది. 2016 నుంచి ఇక్కడ కూడా ఏడాదిలోపే అన్నీ రుచి చూపించమంటున్నారు. ఇది చదివి "అయితే జీడిపప్పు కూడా కొంచెం కొంచెం అలవాటు చేద్దాం" అని మాత్రం బయల్దేరకు. ఆ సూత్రం అలర్జీ రాకముందు ఆపడానికి. వచ్చినవాడి మీద వంటింట్లో ప్రయోగాలు చెయ్యకూడదు.

ఇక ఈ వారం ఎలా గడిచిందో విను. నువ్వొచ్చాక వారాలన్నీ ఇలాగే ఉంటాయి.

సోమవారం సరుకులకి వెళ్ళాం. ఇక్కడ సరుకులు కొనడం కాదు, చదవడం. పడని వస్తువుల పేర్లు పొట్లం మీద లావు అక్షరాల్లో వెయ్యాలని చట్టం. "నట్స్" అని గుంపులో గోవిందా కొట్టడానికి వీల్లేదు. జీడిపప్పైతే జీడిపప్పని, పిస్తా అయితే పిస్తా అని విడివిడిగా పేరు పెట్టాలి. మన పెద్దోడు తన పేరు తర్వాత ఇంగ్లీషులో మొట్టమొదట చదవడం నేర్చుకున్న మాట "కాషూ". అక్షరాభ్యాసం పలక మీద కాకుండా బిస్కెట్ పొట్లం మీద జరిగింది. "ఉండవచ్చు" అన్న హెచ్చరిక మాత్రం కంపెనీవాడి ఇష్టం, వేస్తే వేస్తాడు, లేకపోతే లేదు. మీ అల్లుడు ఆ మాట దగ్గర ఆగి, పెళ్ళిచూపుల్లో మా తాతయ్య ఇచ్చిన సమాధానాలు గుర్తు చేసుకుంటారు.

మంగళవారం బడి నుంచి చీటీ వచ్చింది. పిల్లలు ఒకరి డబ్బాలోది ఒకరు తినకూడదు, అని మళ్ళీ గుర్తుచేశారు. మా చిన్నప్పటి కాకి ఎంగిలి కథ వాడికి చెప్పాను. బెల్లం జీడి ముక్కని గౌను అంచులో చుట్టి, పళ్ళతో కొరికి, సగం స్నేహితురాలికి ఇచ్చేవాళ్ళమని. వాడు కళ్ళు పెద్దవి చేసుకుని, "చేతులు కడుక్కున్నారా? గౌనుకి లేబుల్ ఉందా?" అని అడిగాడు. వీడు పెద్దయ్యాక లాయరవుతాడో, ఆహార తనిఖీ అధికారవుతాడో చెప్పలేను.

బుధవారం ఏమీ జరగలేదు. ఈ ఇంట్లో అంతకంటే శుభవార్త లేదు.

గురువారం చిన్నదాని మఫిన్ రోజు. నువ్వు నమ్మవు గానీ, దీనికి డాక్టరు కేకు రాసిచ్చారు. గుడ్డు పిండితో కలిసి ఓవెన్‌లో బాగా కాలితే దాని స్వభావం మెత్తబడుతుంది. అట్టు తట్టుకోలేని పిల్లల్లో చాలామంది కేకు తట్టుకుంటారు. పరీక్షలు చేసి, ఆసుపత్రిలో దగ్గర కూర్చుని తినిపించి చూశాకే ఇంటికి అనుమతి ఇచ్చారు. ఆ ముందు రోజు చేతిమీద చుక్కలు పెట్టి గీరి, పావుగంట ఆగి, ఎంత ఉబ్బిందో స్కేలుతో కొలిచారు. నువ్వు ఫోటో చూసి "పసిగుడ్డుకి పచ్చబొట్టు పొడిపించేరా?" అన్నది అదే. ఇప్పుడు చిన్నది మందు పేరుతో కేకు తింటుంటే, ఏ జబ్బూ లేని వాళ్ళ నాన్న పక్కన కూర్చుని తనకీ ఏదైనా అలర్జీ ఉందేమో చూడమంటున్నారు.

శుక్రవారం సాయంత్రం గుడికి వెళ్ళాం. ప్రసాదం రవకేసరి, మీద నెయ్యిలో వేగిన జీడిపప్పు తళతళలాడుతోంది. మనవాడు చెయ్యి చాపలేదు. "పంతులుగారూ, ఇందులో కాషూ ఉందా?" అని నిలదీశాడు. నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా "ఉంది నాయనా, నీకు ఇది" అని అరటిపండు చేతిలో పెట్టారు. మా వెనకున్న పెద్దావిడే ఊరుకోలేదు. "ప్రసాదం వల్ల ఏమీ అవదమ్మా, దేవుడు చూసుకుంటాడు" అన్నారు. మీ అల్లుడు వినయంగా, "దేవుడి మీద భారం వేసేముందు ఆయన పని కాస్త తగ్గిద్దామనండీ" అన్నారు.

శనివారం ఒక తెలుగువాళ్ళింటి పుట్టినరోజు. పెద్ద హాలు, ఊరంత జనం. వంటాయన దగ్గరికి వెళ్ళి నట్స్ ఏమైనా వేశారా అని అడిగాం. "అస్సలు లేవండీ, పిల్లల ఫంక్షను కదా" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. బిర్యానీ మీద అర్ధచంద్రాకారంలో మెరుస్తున్నవాటిని చూపించాను. "అవి జీడిపప్పండీ. నట్స్ కాదు" అన్నాడు. ఇంకొక పిన్నిగారు పళ్ళెంలోంచి వాటిని ఓపిగ్గా ఏరి, "ఇదిగో తీసేశాను, ఇప్పుడు పెట్టు" అని ప్రేమగా ఇచ్చారు. ఏరితే పోదమ్మా. కూరలో ముద్దగా నూరినా, గరిటెకి అంటినా, చేతికి అంటినా అదే గొడవ. వాడు ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా తీసి దర్జాగా తిన్నాడు. పెద్దవాళ్ళంతా "పాపం" అన్నారు. వాడికి మాత్రం ఎవరి కోసం పాపమంటున్నారో అర్థం కాలేదు.

ఈరోజు ఎడ్రినలిన్ పెన్ను తర్ఫీదు. సూది లేని ఉత్తుత్తి పెన్నుతో పెద్దోడు ఇంటిల్లిపాదికీ పరీక్ష పెడతాడు. నువ్వు దిగిన మర్నాడు నీకూ పెడతాడు, కాబట్టి ముందే నేర్చుకో. నీలం మూత లాగాలి. నారింజరంగు కొసని తొడ బయటివైపు మధ్యలో ఆనించి, క్లిక్కుమనేదాకా నొక్కి, మూడు సెకన్లు ఉంచాలి. బట్టల మీంచే వెయ్యొచ్చు. 000కి ఫోన్ చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊపిరి ఆడకపోతే కాళ్ళు చాపించి కూర్చోబెట్టాలి. మనలా భుజానేసుకుని వీధిలో పరుగెత్తడం, నిలబెట్టి నడిపించడం చెయ్యకూడదు. నీ మొదటి ఆలోచన అదేనని నాకు తెలుసు. ఇంకొకటి, ఆ పెన్నుని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. కళ్ళలో వేసే చుక్కల మందు నుంచి మల్లెపూల దాకా అన్నీ ఫ్రిజ్‌లో పెట్టే నీ చేతిని కాస్త అదుపులో ఉంచు. ఫ్రిజ్ తలుపు మీద వెంకటేశ్వరస్వామి పక్కన వాడి ఫోటో ఉన్న ఎర్ర కాగితం కనిపిస్తుంది. అది ప్రోగ్రెస్ కార్డు కాదు, ఇదంతా రాసి డాక్టరు సంతకం పెట్టిన కాగితం.

కాబట్టి జీడిపప్పు, హల్వా, అచ్చులు ఇంట్లోనే ఒగ్గీ. హల్వా సంగతి నాన్న చూసుకుంటారు, నువ్వు ఆయన సుగర్ సంగతి చూసుకో. అనకాపల్లి బెల్లం తే. వేరుశెనగ ఉండలు చేసి తే, కానీ జీడిపప్పు తగిలిన మూకుడులో కాదు. ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డు మీద తిండి ఉందని టిక్కు పెట్టు. "ఏమీ లేదు బాబూ" అని వాళ్ళ మొహం చూసి నవ్వితే కుదరదు, కుక్క వచ్చి వాసన చూస్తుంది.

పిల్లలకి అడక్కుండా పెట్టడమే ప్రేమని చెప్పి నువ్వు మమ్మల్ని పెంచావు. ఇక్కడ అడిగి పెట్టడం ప్రేమ. అంతే తేడా. వాడు పెద్దవాళ్ళని ఎదిరించి "ఇందులో ఏముంది?" అని అడిగితే తలబిరుసు అనుకోకు. నేను పక్కన లేని రోజున వాణ్ణి కాపాడేది ఆ ప్రశ్నే. నిన్నూ అడుగుతాడు. పూర్తిగా జవాబు చెబితేనే ముద్ద నోట్లో పెట్టుకుంటాడు.

దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. నీ గుత్తివంకాయ కారంలో ఏమేం పడతాయో ముప్పయ్యేళ్ళుగా అత్తవాళ్ళకీ, వదినకీ, ఆఖరికి కన్నకూతురికీ చెప్పలేదు. మనవడికి చెప్పక తప్పదు. ప్రతి దినుసూ ఒక కాగితమ్మీద రాసి, పడనివి లావు అక్షరాల్లో పెట్టి, కింద సంతకం చేసి, ఈ ఉత్తరానికి జవాబుగా పంపు. "చిటికెడు ఏదో" అని రాస్తే వాడు ఒప్పుకోడు. ఒక నకలు వదినకి ఇస్తానని మాటిచ్చేశాను.

నాన్నకి నమస్కారాలు.

నీ కూతురు