ఆకాశానికీ ఫ్లెక్సీ కడతారట

చిన్న చిన్న ఉపగ్రహాల్ని వరస కట్టించి, వాటికి బిగించిన అద్దాల్లాంటి తెరల మీద ఎండ పడేలా తిప్పి, చీకట్లో అక్షరాలు వెలిగిస్తారట. ఈ సంగతి విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. 2019లో స్టార్ట్‌రాకెట్ అనే రష్యా కంపెనీ ఈ మాట ఎత్తితే, అక్కడి పెప్సీ వాళ్లు ఓ ఎనర్జీ డ్రింక్ కోసం ముచ్చటపడ్డారు. గొడవయ్యాక, మాకలాంటి ఉద్దేశమే లేదని పెప్సీ తప్పుకుంది. హమ్మయ్య అనుకునేలోపే, 2022లో మాస్కోలోని స్కోల్‌టెక్ పరిశోధకులు లెక్క కట్టారు: 50 పైచిలుకు ఉపగ్రహాలు, 6.5 కోట్ల డాలర్లు పెడితే గిట్టుబాటేనట! మామూలు కంటికి కనిపించే అంతరిక్ష ప్రకటనల్ని అమెరికా చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం అమెరికాకి. ఆకాశం అందరికీ.

కూల్‌డ్రింకుల వాళ్ల సంగతి సరే, ఈ కబురు ఫ్లెక్సీలు కట్టించుకునే మన అన్నల చెవిన పడితే? ఒక్కో ఉపగ్రహం ఒక్కో చుక్క. 50 చుక్కల్లో జన్మదిన శుభాకాంక్షలు ఎక్కడ పడతాయి? ‘క్ష’ ఒక్కటే డజను మింగేస్తుంది. ఇక ఫొటోలు! ఫ్లెక్సీ అన్నాక నడుమ అన్న, నెత్తిన పార్టీ పెద్దలు, అడుగున తపాలా బిళ్లంత సైజులో అనుచరులు ఉండాలి. అందులో ఒకడు నల్లకళ్లద్దాలతో, ఒకడు చెవిన ఫోనుతో. ఆ సైజుల దగ్గరే మా వీధిలో తలలు పగిలాయి. రేపు ఓ తమ్ముడు అలుగుతాడు: “నా చుక్కని మరీ కిందకి తోసేశారన్నా, అపార్ట్‌మెంట్ అడ్డమొస్తోంది!” అవతలి వర్గం వాళ్లకి రాత్రికి రాత్రి చింపేద్దామన్నా 500 కిలోమీటర్ల నిచ్చెన దొరకదు. శ్రీహరికోట దగ్గరే కదా, మనవాళ్లెవరైనా ఉన్నారా అని వాకబు మొదలవుతుంది.

పైగా ఫ్లెక్సీకి ముసలితనంలో ఓ సార్థకత ఉంది. మా ఊళ్లో ఓ మాజీ ఎమ్మెల్యే రెండు చేతులూ జోడించి, నవ్వుతూ, గేదెల పాక తడవకుండా కాస్తున్నాడు. పదవిలో ఉండగా ఎవరికీ అంత నీడనివ్వలేదు. పాడైన ఉపగ్రహాన్ని ఏ గడ్డివాము మీద కప్పుతాం? 2024లో విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఎగిరి బొమ్మలు కట్టాయి, బాగానే ఉంది. బ్యాటరీ అయిపోయే వేళకి బుద్ధిగా కిందకి దిగాయి కూడా. ఈ ఉపగ్రహాలకి ఆ మర్యాద తెలీదు.

మనకి పొద్దుగూకినా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది గనక, ఇవి మెరిసేది మునిమాపున, మళ్లీ వేకువన. సరిగ్గా మా నాయనమ్మ వేగుచుక్క చూసి లేచి కళ్లాపి చల్లే వేళ.

ఆ పరిశోధకులు ఓ ఊరట కూడా ఇచ్చారు. ప్రకటనలు నగరాల మీదే వేస్తారట. దీపాల వెలుగుకి అక్కడి ఆకాశం ఎలాగూ చెడింది కాబట్టి ఖగోళ శాస్త్రవేత్తలకి ఇబ్బంది ఉండదట. ఇది చదివాక తిట్టడానికి నోరు పెగల్లేదు. మొన్న మా మేడెక్కి అమ్మాయికి సప్తర్షుల్ని చూపిద్దామంటే ముగ్గురే దొరికారు. మిగతా వాళ్ల కోసం ఫోన్లో యాప్ తెరిచాను. ముందు ప్రకటన వచ్చింది, ఐదు సెకన్లు ఆగమంది. ఆగాం.