మిషన్ కుట్టేగా!

నా కింద ఒక చిన్న చీటీ ఉంది. చేసినావిడ పేరు, సంవత్సరం, చివర్లో 'మిషన్ ఎంబ్రాయిడరీ' అన్న మాట. చదివేవాళ్ళ ముఖంలో అప్పటిదాకా ఉన్న అబ్బురం ఆ మాట దగ్గరికొచ్చేసరికి సగానికి సగం దిగిపోతుంది. నేను ఇంగ్లండులో ఒక ప్రభుత్వ భవనపు హాల్లో వేలాడే గోడతెరను. భవనం పేరు చెప్పను, నా తగువు ఒక్క భవనంతో కాదు. తెలుగునాట పెళ్ళి జాకెట్టు దగ్గరా ఇదే తూకమట: మగ్గం వర్క్‌కు ఒక రేటు, కంప్యూటర్ వర్క్‌కు మరో రేటు. అక్కడ అది న్యాయమే కావచ్చు. నా విషయంలో మాత్రం ఆ తేలికభావమే నన్ను తినేస్తోంది. ఎండా దుమ్మూ దాని వెనకాలే వచ్చాయి. మిషన్ చేసింది గనక పోతే మళ్ళీ చేయించుకోవచ్చన్న ధీమా ఉన్నచోట జాగ్రత్త ఎందుకుంటుంది?

ఆ ధీమా గాల్లోంచి పుట్టలేదు. 1820ల చివర్లో హైల్‌మన్ అనే ఆయన తయారుచేసిన ఎంబ్రాయిడరీ యంత్రంలో మనిషి ఒకచోట బొమ్మ గీతల వెంట ములికి నడిపితే, వరుసగా ఉన్న సూదులన్నీ అదే పువ్వును ఏకకాలంలో కుట్టేవి. 1863లో స్విట్జర్లాండులో గ్రోబ్లి అనే ఆయన షిఫ్లీ అనే యంత్రంతో ఆ పనికి ఇంకా వేగం తెచ్చాడు. ఒకే పువ్వు వందసార్లు పూయడమే ఆ యంత్రాల గొప్ప, నిందా వాటికే చెందాలి. నన్ను కుట్టింది ఇంట్లో వాడే కుట్టుమిషన్. దాని పాదం ఊడదీసి, గుడ్డను ముందుకు లాగే పళ్ళను కిందికి దించేశాక దానికి తెలిసిన విద్య ఒక్కటే మిగిలింది, సూదిని పైకీ కిందికీ ఆడించడం. ఎటు పోవాలో, కుట్టు ఎంత పొడవుండాలో అంతా గుడ్డను పట్టుకున్న రెండు చేతులు తేల్చాలి. కలం కదలకుండా ఉంటే కాగితాన్ని జరుపుతూ బొమ్మ గీయడం లాంటిది. సూది బెజ్జంలో పట్టని లావు దారాన్ని బాబిన్‌కు చుట్టి, గుడ్డను తిరగేసి వెనకవైపు నుంచి కుట్టిన భాగాలూ నాలో ఉన్నాయి. పని అయి తిప్పి చూసేదాకా మేలువైపు ఏం తేలిందో కుట్టినావిడకే తెలియదు. ఈ కళకు రెబెకా క్రాంప్టన్ లాంటి కళాకారులు 1930ల్లోనే మర్యాద సంపాదించి పెట్టారు. అయినా చీటీ చదివేవాళ్ళకు 'మిషన్' ఒక్కటే కనిపిస్తుంది.

"ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయిగా, ఫొటో తీసి కుట్టించేస్తే సరి" అనేవారున్నారు. కంప్యూటర్ డిజైనయితే దాని ఫైలు ఉంటుంది, నిజమే. నాకు ఏ ఫైలూ లేదు. ఈ రోజు ఫొటో తీస్తే అందులో పడేది వెలిసిపోయిన నేను. ఆ నమూనాతో కుట్టిస్తే పుట్టుకతోనే ముసలిదైన చెల్లెలు వస్తుంది. మిషన్లో దారం టెన్షన్ బిగించినచోట ముడుచుకుని, వదిలినచోట ఉబ్బి నిలిచిన దారాల ఎత్తుపల్లాలు ఫొటోలో చదునైపోతాయి, ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు.

ఇక నా స్థితి. నన్ను కిటికీకి ఎదురుగా కట్టారు, 'వెలుతుర్లో బాగుంటుంది' అని. బట్టల మీద పడే వెలుతురు 50 లక్స్ దాటకూడదని మ్యూజియంల వాళ్ళు అనుకుంటారు; కిటికీ దగ్గర మధ్యాహ్నపు వెలుతురు వేలల్లో ఉంటుంది. నాకు మెరుపునిచ్చిన రేయాన్ దారానికి వెలుతురంటే గండం. మనుషుల ఒళ్ళయితే విశ్రాంతి తీసుకుంటే కోలుకుంటుంది. గుడ్డ కోలుకోదు, నిన్నటి దెబ్బ మీదే ఇవాళ్టి దెబ్బ పడుతుంది. అంచు మడతెత్తి చూడండి, లోపల ఇంకా నెమలికంఠం రంగే ఉంది. పైన మిగిలింది బూడిద. కుట్టు దట్టంగా ఉన్నచోట నా బరువే నన్ను కిందికి లాగుతుంటే, కుట్టు లేని గుడ్డ దాని పక్కన సాగి వేలాడుతోంది. గోడలకు రంగులేసినప్పుడు గొట్టానికి చుట్టాల్సిన నన్ను దుప్పటిలా నాలుగు మడతలు పెట్టారు. ఆ గీతల వెంబడి దారాలు తెగాయి. తిరిగి కట్టేటప్పుడు అంచులోంచి మేకు దిగింది. తర్వాత నా ఎడమ మూలకు నోటీసుబోర్డు అడ్డమొచ్చింది, కింద రేడియేటర్ వెలిసింది.

వెలుతురంటే అంత భయమైతే మ్యూజియం పెట్టెలో ఉండాల్సింది, జనం తిరిగేచోట ఎందుకు అంటారా? పెట్టె నాకొద్దు. వించెస్టర్‌లో ఒకప్పటి ధాన్యపు మార్కెట్ భవనంలోని లైబ్రరీ కోసం 2007లో అలిస్ కెటిల్ అనే కళాకారిణి కుట్టిన గోడతెర దాదాపు 16 మీటర్ల పొడవుంటుంది. అలాంటివాటిని పెట్టెలో దాచుకోవడానికి ఎవరు కుడతారు? మేం పుట్టిందే గోడ కోసం. కిటికీలేని గోడ చూడండి, వెనక లైనింగ్ వేసి బరువంతా రెండు మేకుల మీద పడకుండా పై అంచు పొడుగునా పట్టీతో ఆనించండి, ఏడాదిలో కొన్ని నెలలు దించి చీకట్లో ఉంచండి. హాల్లో వేసిన సోఫాలకైన ఖర్చులో ఇదెంత!

ఈ హాలును కొత్తగా తీర్చిదిద్దుతారట. మార్చాల్సిన సామాను జాబితా రాసుకెళ్ళారు. సోఫాలు, గోడగడియారం, నేలమీది కార్పెట్ అయ్యాక నన్నూ రాశారు, 'కర్టెన్లు, ఒకటి' అని.