దోసె తిప్పితే ఓటు

పదివేలు అప్పివ్వాలంటే తోడబుట్టినవాడి చేతైనా ప్రోనోటు రాయించుకుంటాం. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం పెట్టించి, మూడేళ్లు నిండకముందే తిరగరాయిస్తాం. రాష్ట్ర ఖజానాను ఐదేళ్లకు అప్పగించేటప్పుడు మాత్రం ఇవేవీ అక్కర్లేదు. అభ్యర్థి టిఫిన్ బండి దగ్గర నిలబడి రెండు దోసెలు తిరగేసి, మన చంటాడి ముక్కు తుడిస్తే చాలు. (మాడిన దోసెల డబ్బులు ఎవరిచ్చారో ఇంకా తేలలేదు.)

మేనిఫెస్టో ఉందిగా అంటారా? అందులో హామీలు గుప్పించడం ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి కిందికి రాదని 2013లో సుప్రీంకోర్టే చెప్పేసింది. ఆ హామీలకు డబ్బెక్కడిదో స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల సంఘం 2014లో నియమం పెట్టింది. ఆ పేజీ కోసం వెతికి వెతికి మా కళ్లజోడు నంబరు మారింది.

అలాగని ఎవర్నీ నమ్మొద్దని కాదు. నాయకుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసే కాగితం ఒకటుంది. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం-26 అఫిడవిట్. అబద్ధమాడితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆర్నెల్ల దాకా జైలు. అందుకే కేసులు, అప్పులు, పొలాలు, శ్రీమతి నగల బరువుతో సహా అందులో ఉంటాయి. కోట్లున్నా సొంత కారు లేని నిరుపేదలూ కనిపిస్తారు, పాపం!

ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అది ఉచితం. ఉచితాల్లో పోలింగుకు ముందే చేతికందేది అదొక్కటే. తీసుకోండి.