మూసీలో పడవ షికారు

హైదరాబాద్‌లో అంబర్‌పేట వాసులు ఇక తెడ్లు కొనుక్కోవాల్సిందే. మూసీ సుందరీకరణ పేరుతో నడకదారులన్నారు, రాత్రి బజార్లన్నారు, పడవలన్నారు. గుడారాలొక్కటే ఎందుకు తక్కువ? ఉప్పల్ నుంచి సాయంత్రం వచ్చి ఒడ్డున గుడారం వేసుకుని, తెల్లారగానే మూసారాంబాగ్ దగ్గర పడవెక్కి నాగోల్‌లో దిగితే సరిపోతుంది.

పడవ సరే, నీళ్లేవి?

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేటలోని ఉస్మాన్‌సాగర్ దగ్గరే ఆగిపోతుంది. వానలు వెళ్లాక అంబర్‌పేటలో నల్లగా పారేది నగరం ఫ్లష్ చేసిన నీళ్లు. ఇక్కడి మురుగునీటి శుద్ధి కేంద్రం సామర్థ్యమే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. శుద్ధి అయినదీ కానిదీ కలిసి నది అనిపించుకుంటోంది. లైఫ్ జాకెట్ లేకున్నా ఫర్వాలేదు, టికెట్‌తోపాటు ఓ కర్పూరం బిళ్ల ఇవ్వాలి.

వానాకాలంలో నీళ్లుంటాయి కదా అంటారా? ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లెత్తితే మూసారాంబాగ్ పాత వంతెన మీద రాకపోకలు బంద్ అయ్యేవి. 2025 సెప్టెంబరులోనైతే వరద మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే వచ్చింది. అంటే ఎండాకాలంలో పడవ తేలదు. తేలే రోజున పడవెక్కేవాడు షికారుకు ఎక్కడు, ప్రాణం దక్కించుకోవడానికి ఎక్కుతాడు.

2024 అక్టోబరులో మన మంత్రులు, అధికారులు సియోల్ వెళ్లి చంగ్యేచన్ వాగు చూసొచ్చారు. అది మోకాలి లోతు కూడా ఉండదు. అందులోకీ హాన్ నది నీళ్లు తోడిపోయాలి. పడవల మోజు అక్కడ అంటుకుని ఉండదు! సబర్మతికి నర్మద నీళ్లు, మూసీకి మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెస్తారట. అద్దె నీళ్లతో నది సోకులు.

నిజంగా గుడారం వేసుకుని పడవ నడపాలనుకునే నగరవాసి వికారాబాద్ వెళ్తాడు. అనంతగిరిలో పడుకుని, కోట్‌పల్లి జలాశయంలో కయాక్ తోసి ఇంటికొస్తాడు. వచ్చాక అతని స్నానాల గది నీళ్లు ఎటు పోతాయో ఎవరూ అడగరు.

ఇక నవ్వులాటలు చాలు. 2024లో అధికారులు కూల్చాల్సిన ఇళ్లకు గుర్తుగా నది ఒడ్డు గోడల మీద ఎర్ర అక్షరాలు రాసి వెళ్లారు. మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూల్చారు. దశాబ్దాలుగా ఈ కంపు భరించినవాళ్లను, కంపు పోతుందన్న మాట వినిపించగానే ముందు లేపేశారు. కంపు వాళ్లకు, గాలి షికారుకొచ్చేవాళ్లకా? దిగువన పీర్జాదిగూడ వైపు ఇదే నీటితో గడ్డి పెంచి గేదెలకు వేస్తున్నారు. ఆ పాలు మళ్లీ నగరానికే వస్తున్నాయి. ఆ సంగతి సుందరీకరణ చూపించే ఏ రంగుల బొమ్మలోనూ లేదు.

1908 మూసీ వరద తర్వాత ఇంజినీరు విశ్వేశ్వరయ్యను పిలిపించినవాళ్లు ముందు నీళ్ల సంగతి చూశారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇప్పటివాళ్లు గోల్నాక నుంచి నాగోల్ దాకా నేరుగా మూసీలో పడే నాలాలు ఎన్ని మూశారో చెప్పాలి. పడవకు ఏ రంగు వేయాలో ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.