మిగిలినవారికి మిగిలేది

ఖాతా రకం ‘ఐదర్ ఆర్ సర్వైవర్’. ఒకరు పోతే సొమ్ము మిగిలినవారికే ఇస్తామని తెరిచిననాడు బ్యాంకువారు నవ్వుతూ చెప్పారు. భర్త పోయి భార్య మరణ ధ్రువపత్రంతో వెళ్తే ఆ నవ్వు లంచ్‌కి వెళ్లిపోతుంది. వారసత్వ సర్టిఫికెట్ తెండి, జామీనుదార్లను తెండి, పిల్లలందరి సంతకాలు తెండి! ఈ తద్దినాలేవీ సర్వైవర్‌తో పెట్టించొద్దని, 15 రోజుల్లో తేల్చెయ్యాలని రిజర్వు బ్యాంకు 2005లోనే చెప్పింది. పాపం, ఆ సర్క్యులర్ ఏ బీరువాలో ఉందో, తాళం ఏ బదిలీ అయిన మేనేజరు జేబులో ఉందో! అన్నట్టు, మీ ఖాతా ‘జాయింట్లీ’ అయితే ఒకరు పోయాక రెండోవారి సంతకం ఒక్కటే చాలదు. పోయినవారి వారసులూ కదలిరావాలి. ఇద్దరూ ఉండగానే ఓసారి పాస్‌బుక్ తీసి చూసుకోండి.